నంగనాచి దయ్యం వెనక్కి ఎందుకు తగ్గుతుంది

మొన్న సంక్రాంతికి గుంటూరులో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక మా మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టుగా ఒక మేజ్ గేమ్ చేశాడు. గోడల మధ్య సందులు, సందుల్లో నాణేలు, ముగ్గురు కాపలావాళ్ళు. నాణేలన్నీ ఏరుకుని తలుపు దగ్గరికి చేరాలి.

"ముగ్గురికీ ఏ-స్టార్ పెట్టాను మావయ్యా. నువ్వెక్కడ దాక్కున్నా షార్టెస్ట్ పాత్ పట్టుకుని వచ్చేస్తారు" అన్నాడు. ఏ-స్టార్ అంటే గోడల మధ్య అతి దగ్గరి దారి లెక్కగట్టే పద్ధతి.

ఆడాను. మొదటిసారి అర నిమిషంలో దొరికిపోయాను. రెండోసారి కాస్త నిదానంగా ఆడితే ఒక సంగతి కనిపించింది. కాసేపటికల్లా ముగ్గురూ నా వెనక ఒకే వరుసలోకి వచ్చేశారు. రాక తప్పదు కూడా. ముగ్గురూ ఒకే చోటికి అతి దగ్గరి దారి వెతుకుతున్నారు. ఎక్కడో ఒక మలుపు దగ్గర ఆ దారులు కలుస్తాయి, కలిశాక ఇక విడిపోవు. ముగ్గురు కాపలావాళ్ళు కాస్తా ఒక్కడే అయిపోయాడు. వాడి వేగం నాకన్నా తక్కువైతే ఎప్పటికీ దొరకను, ఎక్కువైతే ఎలాగూ దొరుకుతాను. ఆ రెండింటి మధ్య నేను ఆలోచించి చేయగలిగింది ఏమీ లేదు.

పదేళ్ళ మా మేనకోడలు ల్యాప్‌టాప్ లాక్కుని రెండాటలు ఆడింది. "ఊరికే వెంటపడుతున్నారు అన్నయ్యా" అని చెప్పి, గాలిపటం తీసుకుని డాబా మీదికి వెళ్ళిపోయింది. వాడి మొహం చిన్నబోయింది. రెండు నెలల కష్టం మరి. కాసేపాగి, "పాక్‌మ్యాన్‌లో అసలు ఏఐ అన్నదే లేదు మావయ్యా. నాలుగు ఇఫ్ కండిషన్లు. దాన్ని మాత్రం అందరూ నెత్తిన పెట్టుకుంటారు" అన్నాడు.

ఆ మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. పాక్‌మ్యాన్ అంటే సందుల్లో చుక్కలు తింటూ నాలుగు దయ్యాలకు దొరక్కుండా తిరిగే పాత వీడియో గేమ్. ఇఫ్ కండిషన్ అంటే 'ఇలా ఉంటే ఇలా చెయ్యి' అనే నియమం. వాడు చెప్పింది నిజమే. నాలుగు ఇఫ్ కండిషన్లకు మించి అందులో పెద్దగా ఏమీ లేదు. అయినా ఆ నాలుగు కండిషన్లు రాసిన తీరును మించిన శత్రువుల డిజైన్ నేను చూడలేదు. ఎందుకో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ ప్రయత్నిస్తాను.

నాలుగు పేర్లు

నామ్కో కంపెనీ 1980లో జపాన్‌లో పాక్‌మ్యాన్ విడుదల చేసినప్పుడు నాలుగు దయ్యాలకూ వాటి గుణాన్ని బట్టి పేర్లు పెట్టారు. ఎర్రదాని పేరు ఒయికాకే, అంటే వెంటపడేది. గులాబీది మచిబుసే, మాటు వేసేది. లేత నీలం రంగుది కిమగురే, తిక్క మనిషి అంటామే, ఆ రకం. నారింజ రంగుది ఒతొబొకే. దీనికి మన భాషలో చక్కటి మాట ఉంది: నంగనాచి. అన్నీ తెలిసీ ఏమీ తెలియనట్టు ఉండేది.

అమెరికా వెళ్ళేసరికి అవి బ్లింకీ, పింకీ, ఇంకీ, క్లైడ్ అయ్యాయి. వినడానికి ముద్దుగా ఉన్నా అసలు సమాచారం పోయింది. అక్కడ గులాబీ దయ్యం గుణాన్ని చెప్పడానికి 'స్పీడీ' అని రాశారు. అది మిగతావాటికన్నా వేగంగా ఏమీ వెళ్ళదు. మాటు వేసేదాన్ని వేగంగలది అనుకుని ఆడితే ఆటే తప్పుగా అర్థమవుతుంది.

కోడ్‌లో ఏముందో కూడా చూద్దాం. తెరంతా చిన్న చిన్న గళ్ళు. ప్రతి దయ్యానికీ ఏ క్షణానికాక్షణం ఒక గురి గడి ఉంటుంది. మలుపు వచ్చినప్పుడు, ఏ వైపు అడుగేస్తే ఆ గురికి గీత గీసినట్టు తిన్నగా దగ్గరవుతుందో ఆ వైపు తిరుగుతుంది. మధ్యలో గోడలున్నాయా, ఆ దారి చుట్టు తిప్పుతుందా అన్న లెక్కే లేదు. ఒక్క అడుగు ముందుచూపు అంతే. పైగా మామూలుగా వెనక్కి తిరగడానికి లేదు. ఇంతవరకూ నాలుగూ ఒకటే. తేడా అంతా ఆ గురి ఎక్కడ పెడుతుందన్న దగ్గరే ఉంది.

ఎర్రదాని గురి మనమున్న గడి. గులాబీదాని గురి మనం తిరిగి ఉన్న వైపు నాలుగు గళ్ళ అవతల. నారింజది మనకు ఎనిమిది గళ్ళకన్నా దూరంగా ఉంటే ఎర్రదానిలాగే మన మీదికి వస్తుంది, ఎనిమిది గళ్ళ లోపలికి రాగానే ఎడమ వైపు కింది మూలకు మళ్ళుతుంది. నీలం దానిది కొంచెం మెలిక. మన ముందు రెండు గళ్ళ దగ్గర ఒక చుక్క పెట్టి, ఎర్ర దయ్యం నుంచి ఆ చుక్క దాకా గీత గీసి, ఆ గీతను అంతే పొడుగు అవతలికి సాగదీస్తే ఎక్కడ ఆగుతుందో అదీ దాని గురి.

ఈ నీలం లెక్క దగ్గర కాసేపు ఆగాలి. మొత్తం ఆటలో ఇంకో దయ్యం ఎక్కడుందో చూసేది ఇదొక్కటే. ఎర్రది మనకు ఆమడ దూరంలో ఉంటే నీలం గురి ఎక్కడో తెర అవతలికి పోతుంది, అది దిక్కు తెలియనట్టు తిరుగుతుంది. ఎర్రది మన వీపు మీదికి వచ్చేసినప్పుడు ఆ గీత చిన్నదై, నీలం సరిగ్గా మన ఎదుటికి వస్తుంది. వెనక ఎర్రది, ముందు నీలం. రెండూ మాట్లాడుకుని వలపన్నాయని ఎవరైనా ప్రమాణం చేసి చెబుతారు. మాట్లాడుకున్నదేమీ లేదు, ఒక గీతను రెట్టింపు చేశారంతే.

ఈ ఆటను రూపొందించిన తొరు ఇవతాని 1980లలో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో, దయ్యాలన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా తరుముతూ ఉంటే ఆట చప్పగా, విసుగ్గా ఉంటుందని, అందుకే ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఇచ్చామని చెప్పారు. అది చదివినప్పుడు మా వాడి ముగ్గురు కాపలావాళ్ళే కళ్ళ ముందు మెదిలారు. నలభై ఏళ్ళ కిందట ఆయన ఏ తప్పు జరగకూడదనుకున్నారో, సరిగ్గా అదే తప్పును మనం ఇప్పుడు మెరుగైన గణితంతో చేస్తున్నాం.

రంగుల కథ కూడా ఇందులో భాగమే. నామ్కో అధినేత మసయా నకమురా దయ్యాలన్నీ ఎర్రగానే ఉండాలని పట్టుబట్టారట. ఇవతాని తోటి ఉద్యోగుల అభిప్రాయాలు సేకరించి తీసుకెళ్ళి ఆయన్ని ఒప్పించారు. నాలుగూ ఎర్రగా ఉండి ఉంటే ఈ నాలుగు స్వభావాలూ కోడ్‌లో ఉండి కూడా మనకు లేనట్టే. ఎవరు ఎవరో తెలియనిచోట ఎవరి గుణమూ పట్టుబడదు.

గులాబీకి ఎదురెళ్ళడం

తొంభైలలో మా వీధి చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. మూడు టీవీలు, ప్లాస్టిక్ స్టూళ్ళు, గంటకు పది రూపాయలు. వందల ఆటలున్నాయని రాసి ఉండే పసుపు రంగు క్యాసెట్లలో పాక్‌మ్యాన్ కూడా ఉండేది. నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు ఒకడు నా వెనక నిలబడి చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తే. "ఎర్రది వెనక ఉంటే ఆగొద్దు. గులాబీది ఎదురొస్తే పారిపోకు, దాని మీదికే వెళ్ళు, అదే పక్కకు తప్పుకుంటుంది. నారింజది పిరికిది, దాన్ని వదిలెయ్."

వాడికి కోడ్ తెలియదు. ఆ షాపులో ఎవరికీ తెలియదు. చూసి చూసి కనిపెట్టాడు.

గులాబీది ఎందుకు తప్పుకుంటుందో నాకు ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది. మనం ఎడమ వైపు వెళ్తున్నామనుకోండి. గులాబీది ఎదురుగా, మూడు గళ్ళ దూరంలో, మన వైపే వస్తోంది. దాని గురి మనకు నాలుగు గళ్ళ ముందు. అంటే ఇప్పుడు ఆ గురి దాని వీపు వెనక పడింది. వెనక్కి తిరగడానికి లేదు. మన ఇద్దరి మధ్య ఒక పక్కదారి ఉంటే, తిన్నగా రావడం కన్నా అటు తిరిగితేనే గురికి దగ్గరవుతుందని దానికి అనిపిస్తుంది. తిరిగిపోతుంది. మనం ముందుకు సాగిపోతాం. ఒక్క అరక్షణం ఎదురెళ్ళే ధైర్యం చేస్తే చాలు. పారిపోదామని వెనక్కి తిరిగామా, అదే మన వెనక పడుతుంది.

చిన్నప్పుడు సందుల్లో దొంగా పోలీస్ ఆడినవాళ్ళకు ఇది కొత్త కాదు. వెనకాల పరిగెత్తేవాడు ఒకడు, సందు చివర గోడ పక్కన నిలబడేవాడు ఒకడు. రెండోవాడితో చిక్కు వేరు. వాడు మనం ఎక్కడున్నామని చూడడు, ఎక్కడికి వస్తామని చూస్తాడు. కాబట్టి వాడి మీదికి నేరుగా వెళ్తే తడబడతాడు.

ఇక్కడ నాకే ఒక అనుమానం వచ్చింది. పిల్లలు దేనికైనా స్వభావం అంటగడతారు. బొమ్మ కారుకి కోపం వచ్చిందంటారు, ఫ్యాను అలిగిందంటారు. ఆ షాపులో ఇంకో ఆటలో పై నుంచి దిగే ఓడల్లో చివరిది పగబట్టినదని అనుకునేవాళ్ళం. అది వట్టి ఊహే. మరి పాక్‌మ్యాన్ దయ్యాల గుణాలు కూడా మన ఊహ కాదని ఏమిటి నమ్మకం?

నాకు దొరికిన జవాబు ఇది. ఊహను నమ్మి అడుగేస్తే ఏమీ జరగదు. నారింజది పిరికిదనో, గులాబీది తడబడుతుందనో నమ్మి అడుగేస్తే పని జరుగుతుంది. మన అంచనా తప్పైతే ప్రాణం పోతుంది, ఒప్పైతే దారి దొరుకుతుంది. అంటే ఆ స్వభావం మన బుర్రలోనే కాదు, ఆటలోనూ ఉన్నట్టే. ఆ పెద్దవాడు 'పిరికిది' అన్నది కోడ్ పరంగా తప్పు మాటే కావచ్చు. ఎనిమిది గళ్ళ లెక్కకి పిరికితనమని పేరు పెట్టాడు. కానీ ఆ పేరుతో వాడు సరిగ్గా ఆడగలిగాడు.

తరమడం ఆపడం

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇంకొకటి. ఆ దయ్యాలు తరమడం ఆపుతాయి.

మొదటి లెవెల్ మొదలవగానే ఏడు సెకన్లపాటు నాలుగు దయ్యాలూ మన జోలికి రావు. ఒక్కోటి తన మూలకు వెళ్ళి అక్కడే చక్కర్లు కొడుతుంది. తర్వాత ఇరవై సెకన్లు తరుముతాయి. మళ్ళీ ఏడు సెకన్లు మూలలకు. మళ్ళీ ఇరవై. తర్వాత అయిదు, ఇరవై, అయిదు. ఆ పైన ఇక ఆగవు. ప్రతిసారీ మారేముందు నాలుగూ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. మామూలుగా వెనక్కి తిరగనివి అలా తిరిగాయంటే గాలి మారిందని మనకు సంకేతం. తెర మీద ఏ అక్షరమూ రాయకుండా, ఏ గంటా కొట్టకుండా చెప్పేస్తాయి.

అదే ఇంటర్వ్యూలో ఇవతాని దీని గురించి కూడా మాట్లాడారు. ఎప్పుడూ చుట్టుముట్టి వేటాడుతుంటే మనిషి తట్టుకోలేడని, అందుకే దాడి అలలు అలలుగా ఉండేలా చేశామని. మీద పడటం, చెదిరిపోవడం, మళ్ళీ కూడటం.

మా వాడితో వాదించడానికి నాకు ఇక్కడే అసలు బలం దొరికింది. వాడు అన్నాడు: "అప్పుడు మెషీన్‌కి అంత కెపాసిటీ లేదు మావయ్యా. మూడు మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ఉండి ఉంటే వాళ్ళూ షార్టెస్ట్ పాతే పెట్టేవాళ్ళు." మొదటి సగం ఒప్పుకుంటాను. అది జెడ్80 ప్రాసెసర్, వేగం సుమారు మూడు మెగాహెర్ట్జే, ప్రోగ్రామంతా పదహారు కిలోబైట్లలో సర్దాలి. ఒక్క అడుగు ముందుచూపు వెనక ఆ ఇరుకు కచ్చితంగా ఉంది. కానీ ఇరుకైన ఇంట్లో చవకైన పద్ధతి నాలుగు దయ్యాలకూ ఒకే గురి ఇవ్వడం. ఒక్క నియమం రాసి నాలుగుసార్లు వాడుకుంటే సరిపోయేది. వీళ్ళు నాలుగు రాశారు. ఇక సెకన్ల పట్టిక సంగతి? తరిమే దయ్యాన్ని ఆపి మూలకు పంపడానికి అదనంగా కోడ్ రాయాలి, అదనంగా గడియారం పెట్టాలి. ఏ ప్రాసెసరూ వాళ్ళను ఆ పని చేయమని బలవంతపెట్టలేదు. ఆటగాడు ఊపిరి పీల్చుకోవాలని ఎవరో ఒకరు కూర్చుని అనుకున్నారు కాబట్టే ఆ ఏడు సెకన్లు అందులో ఉన్నాయి. ఆ ఆలోచనను ప్రోగ్రాముగా మలచిన షిగెయో ఫునాకి పేరు మనం దాదాపు ఎప్పుడూ తలుచుకోం. ఇక్కడ తలుచుకోవడం న్యాయం.

ఇంకో మూడు చిన్న సంగతులు, ఇదే దారిలో. దయ్యాలు పక్క సొరంగంలోకి వస్తే వాటి వేగం సగం దాకా పడిపోతుంది, మనది పడదు. మూల తిరిగేటప్పుడు మనం మలుపును కోసుకుంటూ వెళ్ళొచ్చు, అవి అలా వెళ్ళలేవు. చుక్కలు తింటున్నప్పుడు మాత్రం మన వేగం కాస్త తగ్గి అవి దగ్గరవుతాయి. అంటే ఖాళీ దారిలో బతుకు ఉంది, తిండి ఉన్న దారిలో ప్రమాదం ఉంది. వేగం అనే ఒక్క అంకెతో ఇంత చెప్పారు.

కరుణే కాదు, కాఠిన్యం కూడా కొలిచే పెట్టారు. మొదటి లెవెల్లో ఇరవై చుక్కలు మిగిలేసరికి ఎర్రదాని వేగం పెరుగుతుంది, పది మిగిలేసరికి ఇంకోసారి పెరిగి మనల్ని దాటిపోతుంది. అప్పటినుంచి మిగతావి మూలలకు వెళ్ళినా అది వెళ్ళదు. నాకు ఆ ఎర్రదంటే చిన్నప్పుడు నిజంగా భయం. చివరి నాలుగు చుక్కలు నాలుగు మూలల్లో వదిలేసి దాని చేతిలో ఎన్నిసార్లు పోయానో. దాని వేగం పెరుగుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. కోపం వచ్చిందనుకునేవాణ్ణి.

అదే కాలంలో ఇంకోవైపు

శత్రువు తెలివితక్కువగా ఉండటం కూడా డిజైనే కావచ్చు. అదే 1980లో వచ్చిన బెర్జర్క్‌లో మరమనుషులు మన మీదికి తిన్నగా నడుచుకుంటూ వచ్చి, మధ్యలో కరెంటు గోడ ఉంటే దానికి తగిలి కాలిపోతారు. ఒకరినొకరు కాల్చుకుంటారు. అలన్ మెక్‌నీల్ చేసిన ఆ ఆటలో మన పని వాళ్ళను కాల్చడం కన్నా వాళ్ళ మూర్ఖత్వాన్ని మనకు అనుకూలంగా మలుచుకోవడం. అలాగని ఒక గదిలో తాపీగా కూర్చుంటే కుదరదు. నవ్వు మొహం వేసుకుని ఈవిల్ ఒట్టో అనే బంతి ఎగురుకుంటూ వస్తుంది. దానికి గోడ అడ్డం కాదు, తుపాకి అడ్డం కాదు. మరమనుషుల తెలివి ఎంత తక్కువో, దాని పట్టుదల అంత ఎక్కువ. ఆ రెండూ పక్కపక్కన ఉండటమే ఆ ఆట.

నేల తవ్వుకుంటూ ఆడే 1982 నాటి డిగ్ డగ్‌లో చివరికి శత్రువు ఒక్కడే మిగిలితే, వాడు మనతో పోరాటం మానేసి పైకెక్కి పారిపోవాలని చూస్తాడు. అంతవరకూ మనల్ని తరిమినవాడే. ఆ ఒక్క నియమంతో మనకు వాడిమీద జాలి పుడుతుంది, వదిలేయబుద్ధీ వేస్తుంది, పాయింట్లు పోతాయని తరమబుద్ధీ వేస్తుంది.

ఈ తరం ఆటల్లోనూ ఈ ఆలోచన బతికే ఉంది. 2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్‌లో మృగం తనంతట తాను వెతుకుతూ తిరుగుతుంటే, పైనుంచి ఇంకో వ్యవస్థ ఆటగాడి మీద ఒత్తిడి ఎంత పెరిగిందో కొలుస్తూ ఉంటుంది. మరీ ఎక్కువైతే ఆ మృగాన్ని దూరంగా పంపేస్తుంది. అప్పటి ఏడు సెకన్లే ఇప్పుడు కొలతబద్ద పట్టుకుని పనిచేస్తున్నాయి.

నన్ను ఇబ్బంది పెట్టేవి

నా వాదనలో రెండు చోట్ల పట్టు సడలుతుంది. దాచడం బాగుండదు.

మొదటిది గులాబీదాని లెక్కలోని తప్పు. మనం పైకి తిరిగి ఉన్నప్పుడు దాని గురి నాలుగు గళ్ళ పైన ఉండాలి కదా. కోడ్‌లో కూడిక ఫలితం హద్దు దాటి పక్క లెక్కలోకి పొంగడం (ఓవర్‌ఫ్లో) వల్ల నాలుగు పైకి, నాలుగు ఎడమకి పడుతుంది. నీలం దానికీ ఇదే తేడా, రెండేసి గళ్ళతో. ఇది స్వభావం కాదు, బగ్. నేను ఇంతసేపు మెచ్చుకున్న మాటువేత, మనం పైకి వెళ్ళినప్పుడు గురి తప్పుతోంది. తెలిసినవాళ్ళు దాన్ని వాడుకుంటారు. దీన్ని కూడా డిజైన్ ఖాతాలో వేసి పొగిడేవాళ్ళను చూశాను. నేను వేయను. ఇవతాని ఆలోచన నాలుగు గళ్ళ ముందు మాటు వేయడం, అంతే.

రెండోది ఇంకా లోతైనది. ఆ ఆటలో నిజమైన యాదృచ్ఛికత లేదు. పెద్ద చుక్క తిన్నాక నీలిరంగుకి మారిన దయ్యాలు ఎటుపడితే అటు తిరుగుతాయి కదా, ఆ 'ఎటుపడితే అటు' కూడా ప్రతి ప్రాణానికీ, ప్రతి లెవెల్‌కీ మొదటినుంచి అదే వరుసలో మొదలవుతుంది. మనం ప్రతిసారీ అచ్చంగా ఒకేలా ఆడితే దయ్యాలూ అచ్చంగా ఒకేలా కదులుతాయి. దాంతో అమెరికాలో జనం దారులకు దారులే బట్టీ పట్టారు. వాటికి ప్యాటర్న్‌లని పేరు, పుస్తకాలు కూడా అచ్చయ్యాయి. బట్టీ పట్టినవాడికి గులాబీదైతే ఏమిటి, నారింజదైతే ఏమిటి? దయ్యాల మొహం చూడకుండానే 255 లెవెళ్ళు దాటి, 256వ దాంట్లో కుడివైపు సగం తెర చెడిపోయి ఆట ఆగేదాకా వెళ్ళొచ్చు. శత్రువుని అర్థం చేసుకోవడమే ఈ ఆట ప్రాణమని నేనంటుంటే, అర్థం చేసుకోనక్కరలేకుండా గెలిచే దారి ఆటే ఇచ్చింది.

దీనికి జవాబు ఇంకొకరు ఇచ్చారు. అమెరికాలో జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్ అనే చిన్న సంస్థలోని కుర్రాళ్ళు పాక్‌మ్యాన్‌ను మార్చి చేసినదే 1982లో మిస్ పాక్‌మ్యాన్‌గా వచ్చింది. అందులో మొదలవగానే మూలలకు వెళ్ళే ఆ కొన్ని సెకన్లలో ఎర్రది, గులాబీది మూలలకు పోకుండా ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. దయ్యాల తీరులో ముఖ్యమైన మార్పు అదే. ఆ తర్వాత ఎవరి స్వభావం వారిదే. కానీ మొదట్లో రెండు దయ్యాలు నాలుగు గళ్ళు అటూ ఇటూ అయితే, ఆ తర్వాత జరిగేదంతా మారిపోతుంది. బట్టీ పనికిరాదు, దయ్యాల గుణం తెలిసి ఉండటం పనికొస్తుంది.

నాకు దీనిలో నచ్చేది కొలత. పూర్తిగా యాదృచ్ఛికంగా తిరిగే దయ్యం అంటే గాలివాటం, దాని దగ్గర నేర్చుకునేదేమీ ఉండదు. పూర్తిగా తెలిసిపోయే దయ్యం గడియారం ముల్లు. పప్పులో ఉప్పులా వేశారు వీళ్ళు, సరిగ్గా అవసరమైనంత. వెయ్యిసార్లు ఆడాలంటే మిస్ పాక్‌మ్యానే మెరుగని ఒప్పుకుంటాను. అయితే నాలుగు దయ్యాలను మొదటిసారి పరిచయం చేసుకోవాలంటే మాత్రం పాతదాన్నే ఆడమంటాను. అందులో అవి నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ, అదే పని చేసి చూపిస్తాయి.

తలుపు పక్కన మూల

కనుమ రోజు రాత్రి మా వాడు ఏ-స్టార్ తీసేశాడు. మొత్తం కాదు, ఒక్క కాపలావాడికి ఉంచాడు. రెండోవాడికి మూడు గళ్ళ ముందు గురి పెట్టాడు. మూడోవాడికి నారింజ దయ్యం నియమం, ఎనిమిదికి బదులు ఆరు గళ్ళు. మేజ్ చిన్నది కాబట్టి. "తరమడం ఎన్ని సెకన్లు ఆపాలి?" అని అడిగాడు. ఏడుతో మొదలుపెట్టమన్నాను. పది పెట్టాడు.

పొద్దున్నే చెల్లెల్ని లేపి ఆడించాడు. నియమాలేవీ చెప్పలేదు. మూడో ఆటలో ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి, "వీడికి నేనంటే భయం" అంది. మూడోవాణ్ణే చూపించింది. మా వాడు నా వైపు చూశాడు. ఇంకో రెండాటలయ్యాక, "మరీ మంచోళ్ళయిపోయారు అన్నయ్యా, ఎక్కువసేపు వదిలేస్తున్నారు" అని ఫిర్యాదు చేసింది. పదిని ఆరు చేశాడు. ఆ రోజు గాలిపటం ఊసే ఎత్తలేదు.

తర్వాత ఒక చిక్కొచ్చింది. మూడోవాడు వెనక్కి తగ్గినప్పుడు వెళ్ళే మూలను మా వాడు తెలియక తలుపు పక్కనే పెట్టాడు. దాంతో మనం తలుపు దగ్గరికి వెళ్ళినకొద్దీ ఆ భయపడేవాడు కూడా అక్కడికే వస్తాడు. అన్నిచోట్లా తప్పుకునేవాడు అక్కడ మాత్రం అడ్డం నిలబడతాడు. పాక్‌మ్యాన్‌లోనూ అంతే, ఎడమ కింది మూల చుక్కలు తినేటప్పుడు నారింజదే అందరికన్నా ప్రమాదం. మూల మార్చేస్తానన్నాడు వాడు. వద్దన్నాను. ఇది బగ్గే కదా, బగ్గును డిజైన్ అనకూడదని నువ్వే అన్నావు కదా అని నిలదీశాడు. నిజమే, అన్నాను. చూశాక ఉంచుకుంటే అది నీ నిర్ణయం అవుతుందని నేను, అది సాకు అని వాడు. హైదరాబాద్ బస్సు ఎక్కించడానికి బండి మీద బస్టాండుకి తీసుకెళ్తూ కూడా ఇదే వాదన.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. మూల మార్చలేదట. చెల్లెలు తలుపు దగ్గర మూడుసార్లు ఓడిపోయిందట. నాలుగోసారి తలుపు వైపు వెళ్ళడం మానేసి, మేజ్ అవతలి చివరకు వెళ్ళి నిలబడిందట. దూరం పెరగగానే ఆ మూడో కాపలావాడు మూల వదిలి తనను వెతుక్కుంటూ బయల్దేరాడు. వాణ్ణి సగం దూరం రానిచ్చి, పై సందులోంచి చుట్టు తిరిగి, ఖాళీగా ఉన్న తలుపులోంచి వెళ్ళిపోయిందట.